సంచి లేని గాజులోడు

పట్టపగలు, తన ఇంటి గడప ముందు, ఎవడో పరాయి మగాడు తన పెళ్లాం చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

చేని నుంచి వస్తున్న చెన్నప్పకు ముందు కోపం రాలేదు. గాజులవాడనుకున్నాడు.

ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో ఆడదాని చెయ్యి పట్టుకునే హక్కు మొగుడి తర్వాత గాజులవాడికే ఉంది. వేళ్ల కణుపులు దగ్గరికి నొక్కి, ఏ సైజు ఎక్కుతుందో చూస్తాడు. ఈ మనిషి కూడా ఓబమ్మ కణుపుల్ని ఒక్కొక్కటే నొక్కుతున్నాడు. నొక్కితే అతని బొటనవేలి గోరు తెల్లబడుతోంది.

దగ్గరికొచ్చి చూస్తే గాజుల సంచి లేదు.

తొంభై ఏడులో ఇలాగే వచ్చిన ఒక గాజులవాడు ఇంటికి ఎన్ని తలుపులున్నాయో చూసి పోయాడు. మర్నాడు పొద్దున్నే ఆ తలుపుల్లోంచే అవతలి పార్టీ వాళ్లు దూరి, చెన్నప్ప అన్న ఓబులేసును నరికారు. దానికి చెన్నప్ప బదులు తీర్చుకున్నాడు, అది వేరే సంగతి. అప్పటి నుంచి ఊళ్లోకి ఏ గాజులవాడొచ్చినా సంచి దులిపి చూడందే వదలడు.

"గాజులు యాడప్పా?"

"గాజులోణ్ణి కాదన్నా, డాక్టర్ని. ఊరూరా తిరిగి కీళ్లు చూస్తాండా. జీపు రోడ్డుమీద చెడిపోతే నడిచొచ్చినా."

సూది లేదు, మెడలో గొట్టం లేదు. వట్టి చేతులతో వేళ్లు నొక్కే డాక్టర్ను చెన్నప్ప పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

ఓబమ్మ చెప్పబోయింది. ఏడాదిగా పొద్దున లేస్తే ఆమె వేళ్లు ముడుచుకోవు. కొంగు ముడేసుకోవడం కూడా చేతకాదు. కట్టని తాయెత్తు లేదు. ఈ మనిషి మాత్రం తను నోరు తెరవకముందే నొప్పెక్కడో పట్టేశాడని చెప్పబోయింది. చెన్నప్ప వింటేగా.

నిన్నెవడు పంపినాడురా అంటూ కడుపులో తన్నాడు. పడ్డవాణ్ణి జుట్టు పట్టి రోటి దగ్గరికి ఈడ్చాడు. రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు. పాపం, ఆ మనిషి పెట్టింది చెయ్యి. అదీ తనంతట తాను పెట్టలేదు.

రోకలి ఎత్తి వేశాడు. ఎముక విరిగిన చప్పుడు వీధిలోకి వినిపించింది. రెండో చెయ్యి కూడా లాగి పెట్టించాడు.

ఓబమ్మ అడ్డం పడింది. రోకలి పట్టుకుని ఆపాలని చూసింది గానీ ఆమె వేళ్లు దాని చుట్టూ మూసుకోలేదు. రోకలి ఆమె చేతుల్లోంచి జారిపోయి మళ్లీ పడింది.

ఆ మనిషి నెత్తురు ఉమ్మి ఒకటే మాటన్నాడు. "ఈమెకు ఇప్పుడే మందు మొదలుపెట్టన్నా. ఆలస్యమైతే వేళ్లు వంకర తిరిగి అట్లే నిల్చిపోతాయి."

ఇంతలో జీపు డ్రైవరు వెతుక్కుంటూ వచ్చి, డాక్టరు సారూ అని ఘొల్లుమన్నాడు. అప్పుడు తెలిసింది చెన్నప్పకు. తెలిసిన మరుక్షణం కొండల్లోకి పారిపోయాడు.

పోలీసులు రాలేదు. డాక్టరు బండి మీద నుంచి పడ్డానని చెప్పుకున్నాడట. చెన్నప్పకు భయం ఇంకా పెరిగింది. ఈ సీమలో కేసు పెట్టనివాడు కొడవలి నూరుతున్నాడనే లెక్క.

ఓబమ్మ జబ్బు మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. వాన చుక్క పడకుండా శ్రావణం వెళ్లిపోయేసరికి ఆమె వేళ్లు పక్కకు ఒరిగాయి. అన్నం ముద్ద నోటిదాకా రావడం లేదు. చంపితే చంపనీ అనుకుని చెన్నప్ప కొండ దిగొచ్చి ఆమెను అనంతపురం తీసుకుపోయాడు.

ఆసుపత్రిలో లహరి అనే కుర్ర డాక్టరమ్మ ఓబమ్మ కీళ్లు నొక్కింది. ఏ కీలులో వాపు ఇంకా రగులుతోందో, ఏది చల్లారిందో తేల్చుకోలేక పక్కనున్న పెద్ద డాక్టరు వైపు చూసింది.

ఆయనే. బొటనవేళ్లు రెండూ వంగకుండా బిగుసుకుపోయి ఉన్నాయి.

"నా వేళ్లకు ఇంక తెలీదమ్మా. నువ్వే నేర్చుకోవాల," అన్నాడాయన.

మందు రాయించాడు. ఒరిగిన వేళ్లు తిరిగి రావనీ, మిగిలినవైనా దక్కించుకుందామనీ ఓబమ్మకు నెమ్మదిగా చెప్పాడు.

చెన్నప్ప ఆయన కాళ్ల మీద పడ్డాడు. కేసెందుకు పెట్టలేదు సారూ అని ఏడ్చాడు.

"పెడితే నా పేరు, మా నాయన పేరు రాసుకుంటారు. మా ఊళ్లో తెలిస్తే మళ్లీ కొడవళ్లు లేస్తాయి. మీ ఊరికి పోతాండానని మా అమ్మకే చెప్పలేదు."

"మీ నాయన ఎవరు సార్?"

డాక్టరు ఓబమ్మ చేతిని తన మొద్దు వేళ్లతో మెల్లగా బల్లమీద దించి, అన్నకు బదులుగా చెన్నప్ప నరికిన మనిషి పేరు చెప్పాడు.