గురువారం మైలేజీ

"గేటు కాడ బండి నిలిచిపోతే ఏం సేస్తావప్పా?"

కారింకా ఇంటి ముందు నుంచి కదల్లేదు. శకుంతలమ్మ వెనక సీట్లో కూర్చుని, తలుపైనా వేసుకోకముందే అడిగింది.

"కొత్త బండి గదమ్మా. ఏం గాదు," అన్నాడు డ్రైవరు ఏబెల్. అతను పనిలో చేరి అది రెండో రోజు.

తిరుపతి నుంచి పాకాలకు గంట దారి. పాకాలలో ఆమె కూతురు ప్రసన్నకుమారి. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. వారానికొక్కసారైనా బిడ్డను కళ్లారా చూసుకోకపోతే శకుంతలమ్మకు ముద్ద దిగదు.

పాకాల ముందర రైలు గేటు వేసి ఉంది. ఏబెల్ బ్రేకు తొక్కాడు. కారు ఆగింది. దాంతోపాటే ఇంజను చప్పుడూ ఆగిపోయింది.

శకుంతలమ్మ ముందుకు వంగి అతని చొక్కా పట్టుకుంది.

"నిలిచిపోయిందప్పా. దిగిపోదాం. దిగు."

పదేళ్ల కిందట ఆ పట్టాల మీదే ఆమె భర్త జీపు ఆగిపోయింది. జీపు కదిలేలోగా రైలొచ్చింది.

గేటు తీశాక కారు తనంతట తనే అందుకుంది. ఆమె వణుకు మాత్రం ఇల్లు చేరినా తగ్గలేదు.

సాయంత్రం కొడుకు రఘునాథ్ విని నవ్వాడు.

"అది హైబ్రిడ్డు మ్మా. పెట్రోలూ, కరెంటూ రెండూ. ఆగినప్పుడల్లా ఇంజను ఆరిపోతాది. మైలేజీ వొచ్చేదే దాంతో. నీకంత భయమైతే ఇంట్లో కూసో. ప్రసన్నతో ఫోన్లో మాట్లాడుకో."

"భయమేం లేదు నాయనా," అంది గబుక్కున.

వాకిట్లో కారు తుడుస్తున్న ఏబెల్ ఓసారి తలెత్తి చూసి, మళ్లీ తుడవసాగాడు.

మరుసటి గురువారం కారెక్కగానే చలేసింది.

"ఏసీ తగ్గించప్పా."

"బయట సెగ ఎక్కువుండాదమ్మా. శాలువా కప్పుకోండి."

అతను మాత్రం తువ్వాలు చెవుల మీదుగా చుట్టుకున్నాడు. మే నెలలో వీడికిదేం చలో అనుకుంది. ఇంజను జోల పాడినట్టు మోగుతుంటే ఎప్పుడు కన్నంటుకుందో తెలీదు. లేచేసరికి కూతురి ఇంటి ముందున్నారు.

ఆ తర్వాత ప్రతి గురువారమూ అంతే. గేటొచ్చేదీ పోయేదీ ఆమెకు తెలిసేది కాదు.

'అలవాటైపోయింది. పెద్ద భయమే పోయింది నాకు,' అనుకుంది.

మూడు నెలల తర్వాత ఒక పొద్దున రఘునాథ్ కారు దిగుతూనే కేకేశాడు.

"ఏమబ్బా ఏబెలూ. నేను తోల్తే లీటరుకు పద్దెనిమిదొస్తాది. గురువారం నువ్వు పాకాలకు తోల్తే పదకొండు. మిగిలింది యాడికి పోతాండాది? నీళ్లు తాగినట్టు నువ్వేమన్నా తాగతాండావా?"

ఏబెల్ అతని చేతిలోంచి కారు తాళాలు అందుకుని తల వంచుకున్నాడు.

"సెప్పు. డబ్బాలో పట్టి ఎవురికి పోస్తాండావు?"

రఘునాథ్ తల్లి వైపు తిరిగాడు. "దార్లో యాడన్నా బండి నిలిపేవాడా మ్మా?"

శకుంతలమ్మ ఆలోచనంతా పాకాల మీదికి పోయింది. తప్పు డ్రైవరుది కాకపోతే, పెట్రోలు తాగేది ఈ ప్రయాణమే అవుతుంది. అప్పుడు గురువారాలు ఆగిపోతాయి. బిడ్డ అక్కడ ఒక్కతే పడుకుని ఉంది.

"నేను నిద్రపోతా ఉంటి నాయనా. నాకేం తెలుసు," అంది.

అబద్ధం కాదు. నిజంగానే నిద్రపోయింది.

ఏబెల్ ఆమెను ఒక్కసారి చూశాడు. తాళాలు కిటికీలో పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

రెండు వారాలకు కొత్త డ్రైవరు దొరికాడు. పేరు చెంగల్రాయుడు. నోరూరుకోని మనిషి.

"ఈ బండి నా కన్నా పిసినారి గదమ్మా," అంటూ బయల్దేరాడు.

ఆ రోజు కారులో చలి లేదు. శకుంతలమ్మకు నిద్రా పట్టలేదు.

పాకాల గేటు వేసి ఉంది. కారు ఆగింది. ఇంజను ఆరిపోయింది.

ఆమె తలుపు పిడి కోసం చేత్తో తడుముకుంది.

"ఏమాయమ్మా? ఇది ఇంతే గదా," అన్నాడు చెంగల్రాయుడు.

"ఏబెల్ తోలినప్పుడు ఇట్లా ఆగేది కాదప్పా."

"ఆగకుండా యాడికి పోతాది?" అతను ఒక్క క్షణం ఆలోచించాడు. "ఏసీ నిండుకూ తిప్పి పెట్టుకుంటే మాత్రం ఆగదు. ఇంజను తిరగతానే ఉంటాది. పెట్రోలు తాగేస్తాదమ్మా, ఎవురు పెడతారట్ల?"

శకుంతలమ్మ ఒళ్లోని శాలువా వైపు చూసింది.

దాన్ని మడిచి పక్కన పెట్టి అడిగింది. "ఏబెల్ యాడుండాడప్పా ఇప్పుడు?"

"పెట్రోలు దొంగని పేరు పడింది గదమ్మా. తిరపతిలో ఎవురూ బండియ్యలా. సత్యవేడు తట్టు టిప్పరు తోల్తాండాడంట."

"నెంబరుందా?"

అతను కలిపి, సెల్లు ఆమె చేతికిచ్చాడు.

"ఏబెలూ, నేనప్పా, శకుంతలమ్మను."

అవతల టిప్పరు ఇంజను మోగుతోంది.

"ఆ పొద్దు సారు అంతగా అడిగినాడే. ఏసీ సంగతి ఎందుకు సెప్పలేదప్పా?"

రైలొచ్చింది. పోయింది. గేటు లేచింది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. కారు పట్టాలు దాటింది. ఆ దాటడం ఆమెకు తెలియలేదు. సెల్లు చెవికి అదుముకునే ఉంది.

అవతల టిప్పరు చప్పుడు ఆగింది.

"సెప్పింటే సారు మిమ్మల్ని ఇంట్లో కూసోబెట్టేస్తాడు గదమ్మా," అన్నాడు ఏబెల్. "ప్రసన్నమ్మకిప్పుడు ఎన్నో నెల?"