మూతమీది గుర్తు

"ఇది గాదమ్మా. ఇంగోటి చూపీ" అన్నాడు దేవసహాయం షాపులో పిల్లతో.

అక్షయకు తల తిరిగిపోయింది. నంద్యాల బస్టాండు దగ్గరున్న ఆ షాపులో అద్దాలబల్ల మీద అప్పటికే నాలుగు కంపెనీల లాప్‌టాప్‌లు బారులు తీరి ఉన్నాయి. డెల్, లెనోవో, ఏసర్, హెచ్‌పీ. లోకంలో ఎవరైనా లాప్‌టాప్‌ను తెరిచి చూస్తారు. ఈ మహానుభావుడు మాత్రం ఒక్కదాన్నీ తెరవడు. మూత మీద అరచేత్తో తుడుస్తాడు, వెలుతురుకేసి తిప్పుతాడు, పెదవి విరిచి పక్కన పెడతాడు. సంతలో ఎద్దు పళ్లు చూడకుండా తోక చూసి బేరమాడినట్టుంది ఆయన వ్యవహారం.

"నాయనా, రేపు పొద్దున్నే నాకు ట్రైనింగు. చేతిలో లాప్‌టాప్ లేకుంటే ఈ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఈ లెనోవో బాగుంది. నా ఫ్రెండ్సు కూడా ఇదే చెప్పినారు. తీసుకొని పోదాం పా."

"నువ్వుండు పాపా."

"ఏందీ ఉండేది? ఆళ్లగడ్డ బస్సు దిగినకాణ్ణించి ఉంటానే ఉండా."

చెవిటివాడి ముందు శంఖమే. ఆయన ఐదో పెట్టెకేసి చూస్తున్నాడు. సేల్స్‌లో ఉన్న హిమబిందు ఓపికగల పిల్ల. "అన్నా, మీకు ఏ కంపెనీది కావాలో పేరు చెప్పండి. నేనే తీసిస్తా" అంది.

"పేరు తెలీదమ్మా. గుర్తు తెలుసు. మూత మీద ఓ మూలకుంటాది. రూపాయి బిళ్లంత ఆకుపచ్చ గుండ్రం. దాని నడుమ తెల్లగా కొడవలి."

హిమబిందు ఫోను తీసి కంపెనీల గుర్తులన్నీ ఒకటొకటిగా చూపించింది. ఆయన అన్నింటికీ తల అడ్డంగా ఊపాడు. పక్కన చార్జరు కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు కూడా తమ పని మాని చూడసాగారు. అక్షయకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

"కొడవలి గుర్తు పార్టీలకుంటాది గానీ లాప్‌టాప్‌లకుంటాదా నాయనా?"

దేవసహాయం నవ్వలేదు. "మొక్కుకున్నా పాపా" అన్నాడు మెల్లగా.

"ఏమని?"

"నీకప్పుడు ఐదేండ్లు. గుండెకు ఆపరేషన్ చేసి నిన్ను లోపల పండబెట్టినారు. డాక్టరు నన్ను పిలిచి ఎదురుగా కూచోబెట్టినాడు. ఇట్లాంటి మిషనే ఒకటి తెరుచుకొని దాంట్లో ఏందో చూస్తాండాడు. ఆయన మొగం చూసేదానికి నాకు ధైర్యం చాల్లా. మూత మీద ఆ గుర్తునే చూస్తా ప్రార్థన చేసుకున్నా. 'నా బిడ్డ బతికిందని ఈయన నోట వస్తే, అది పెద్దదయినాక ఇదే గుర్తుండే మిషన్ కొనిస్తా ప్రభువా' అని. ఆయన తలెత్తి 'బాగైందప్పా, ఇంటికి పిల్చకపో' అన్నాడు."

ఈ మొక్కు సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అక్షయ ముందు ఎత్తలేదు. అప్పటిదాకా పొంగుతున్న కోపం పాల మీద నీళ్లు చల్లినట్టు దిగిపోయింది. కానీ చిక్కు అక్కడే ఉంది. కోత పండగకు చర్చికి మొక్కుకున్న పుంజును, ఇంటికి చుట్టాలొచ్చి కూర్చున్నా కోయనివ్వని మనిషి ఆయన. మాట తప్పి ఇంకొకటి కొంటాడా? కొనకపోతే రేపటి ట్రైనింగు సంగతేమిటి?

"ఆ కంపెనీ మూసేసినారేమో నాయనా" అంది గొంతు తగ్గించి.

"కంపెనీ మూసేస్తే మూసేసినారు. నేను మాటిచ్చింది కంపెనీకి గాదు గదా."

అప్పుడే షాపు యజమాని ఓంప్రకాష్ భోజనం ముగించుకొని వచ్చాడు. హిమబిందు చెప్పిందంతా విన్నాడు. దేవసహాయం పెన్ను అడిగి, అరచేతిలో ఒక గుండ్రం, అందులో కొడవలి గీసి చూపించాడు. ఓంప్రకాష్ ఆ చేతిని దగ్గరికి లాక్కొని చూసి, మారుమాట లేకుండా లోపలికి వెళ్లి ఒక కాగితపు చుట్ట తెచ్చాడు.

"ఇదేనా చూడన్నా."

చుట్ట నిండా ఆకుపచ్చ గుండ్రాలే. దేవసహాయం ఒకదాని మీద వేలు పెట్టాడు. "ఇదే. ఇదేప్పా" అన్నాడు. కళ్లు నిండిపోయాయి. "స్తోత్రం ప్రభువా. నీ కడుపు చల్లగుండ, యా కంపెనీదప్పా ఇది?"

ఓంప్రకాష్‌కు చెప్పబుద్ధి కాలేదు. కానీ చెప్పక తప్పదు.

"ఏ కంపెనీదీ కాదన్నా. అది కొడవలి కాదు, రైట్ మార్కు. చెడిపోయి వచ్చిన మిషన్‌ను రిపేరు చేసి, అంతా పరీక్షించి, ఇంక ఏ దిగులూ లేదు అనుకున్నాక అంటించే స్టిక్కరు. రిపేరు షాపులన్నిట్లోనూ ఉంటాయివి. కొత్తవాటికి అంటించం."

దేవసహాయం చుట్టకేసే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్లు గుండెల్లో దాచుకున్న మొక్కు స్టిక్కరు పాలైందే అనుకుంది అక్షయ. ఆయన చెయ్యి పట్టుకుంది. తన కోసం ఒక మనిషి ఇంత చిన్న గుర్తును ఇన్నేళ్లు మోశాడు. ఆ మనిషికి ఈ మాత్రం ఇవ్వలేనా అనిపించింది.

"నాయనా, రిపేరు చేసిన పాతదే తీసుకుందాం. దానికీ గుర్తుంటాది గదా. నాకు కొత్తది వద్దులే. నిజంగానే చెప్తాండా."

దేవసహాయం ఆమెను ఎగాదిగా చూశాడు. చుట్టలోంచి ఒక స్టిక్కరు గోటితో ఊడదీసి, కూతురి భుజం మీద చున్నీకి అంటించి బొటనవేలితో గట్టిగా ఒత్తాడు.

"నీకు నచ్చిందే తీసుకో తల్లీ. ఈ గుర్తుండేదాన్ని దేవుడు నాకు ఆ పొద్దే ఇచ్చినాడు."