రెండు సంఘాల పిల్ల

“రెండు సంఘాల తరఫునా ఆడిన పిల్ల ఎవరైనా దొరికితే మూడేళ్లు బంతి ముట్టనివ్వమండి,” అన్నాడు రగ్బీ పై కమిటీ నుంచి వచ్చిన పరిశీలకుడు.

మమత అప్పుడే ఆఫీసు టవర్‌లో తుడిచే పని సగంలో వదిలేసి, యూనిఫాంతోనే శేరిలింగంపల్లి మైదానానికి పరుగెత్తుకొచ్చింది. ఆ మాట వినగానే కూతురు చిన్ను చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నువ్వు కొత్తోళ్ల దిక్కు గూడ ఆడినవ్ గదనే?” అంది చెవిలో.

“వేణు సార్ రమ్మన్నడు. బూట్లిచ్చిండు. నేనేం జెయ్యాలె?”

“జర మెల్లగ మాట్లాడు. ఎవలడిగినా పాతోళ్ల పిల్లనని చెప్పు. వచ్చే వారమే రాష్ట్ర జట్టు సెలక్షన్, యాదున్నదా?”

చిన్ను తలూపింది.

జిల్లాలు విడిపోయినప్పుడే రగ్బీ సంఘమూ రెండుగా చీలింది. ఇక గుర్తింపు ఒక్కదానికే. పిల్లలు ఎవరి వైపు ఎక్కువుంటే వాళ్లకే.

“మొదటి నుంచి ఉన్నది మేమే సార్,” అన్నాడు పాత సంఘం కార్యదర్శి భాస్కర్.

“ఉన్నది మీ బోర్డే. పిల్లలకు ఆట నేర్పింది మేము,” అన్నాడు కొత్త సంఘం వేణు.

“పాస్ ఇయ్యరాదు గని, ఆట నేర్పిండట,” అన్నాడు భాస్కర్.

“మీ కాలంల బంతి కోలగ గాదు, గుండ్రంగ ఉండెనేమో.”

“వాదనలొద్దండి,” అన్నాడు పరిశీలకుడు. “పాత సంఘం పిల్లలు కుడివైపు నిలబడండి.”

పిల్లలంతా అటే కదిలారు. చిన్ను కూడా పరుగున పోయి ఆ గుంపులో దూరింది. మమత ఊపిరి పీల్చుకుంది.

“ఇప్పుడు కొత్త సంఘం పిల్లలు ఎడమవైపు రండి.”

ఎవరూ కదలలేదు. భాస్కర్ మీసం దువ్వాడు. వేణు గుంపులోకి వెతికి వెతికి చూశాడు.

“చిన్నూ, గాడ దాక్కుంటవేంది? నువ్వు మా కెప్టెన్‌వి. ఇటు రా బిడ్డా.”

మమత వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. చిన్ను తల్లిని ఒకసారి చూసి, తల వంచుకుని ఎడమవైపు నడిచింది.

అంతా అయిపోయిందనుకుంది మమత. కళ్లు మూసుకుంది. మైదానమంతా దబదబ అడుగుల చప్పుడు. పాత సంఘం వాళ్లు పిల్ల మీదికి ఉరుకుతున్నారనుకుని కళ్లు తెరిచింది.

పిల్లలంతా చిన్ను వెనకాలే ఎడమవైపు చేరారు, అందరి కాళ్లకూ వేణు ఇచ్చిన బూట్లే. కుడివైపు భాస్కర్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.