కొండ అంచున కాపలా

"ఆ సంచీలో ఏముంది?" అని అడిగింది స్టెయినున్.

కొత్త మనిషి ఉలిక్కిపడి, చేతిలో ఫోను జేబులో పెట్టేసి ఇటు తిరిగాడు. వాళ్ళ పక్కనే నేల తెగిపోయి నిలువునా సముద్రంలోకి దిగుతోంది. ఆ రాతిగోడ నిండా వేల పక్షులు గుడ్ల మీద కూర్చుని ఒకటే గోల. ఐస్‌లాండ్ పడమటి కొసన ఉన్న ఆ కొండ స్టెయినున్‌ది. పోయిన ఏడు ఇలాంటి సంచీవాడే ఎవడో గుడ్లన్నీ ఊడ్చుకుపోయాడు.

"రొట్టె, టీ ఫ్లాస్కు." అతను సంచీ తెరిచి చూపించాడు. "మీరూ కాస్త టీ తాగుతారా అమ్మా? అలా వెనక్కొచ్చి గడ్డిమీద కూర్చుందాం."

గుడ్లు లేవు. అంటే ఇంకా తియ్యలేదన్నమాట, అనుకుంది.

"నీ టీ నాకక్కర్లేదు. పక్షుల్ని చూడ్డానికొచ్చావా?"

"ఆఁ."

"మరి ఇందాకట్నుంచీ నన్నే చూస్తున్నావేం?"

అతను తల దించుకున్నాడు. ఆమె అనుమానం గట్టిపడింది. కింద పక్షుల్ని చూద్దామని అంచువైపు ఓ అడుగు వేస్తే అతనూ వేశాడు. ఎడమకు జరిగితే తనూ జరిగాడు.

"ఇంట్లో ఎవరెవరుంటారు?" అన్నాడు.

వీడు ఇల్లు కూడా దోచేలా ఉన్నాడు.

"నలుగురు కొడుకులు. నలుగురికీ తుపాకులున్నాయి" అంది. నిజానికి ఆమెకున్నవి గొర్రెలే.

"వాళ్ళంటే మీకు ప్రాణం కదూ?"

"నీకెందుకయ్యా? నువ్వు పోతే నేనూ ఇంటికి పోతాను."

"మీరు ముందు నడవండి. మీ వెనకే వస్తాను."

"నా వెనక నువ్వేం చేస్తావో తెలీదనుకున్నావా? నేను కదల్ను."

"అయితే నేనూ కదల్ను."

రెండు గంటలు గడిచాయి. గాలి పెరిగింది. స్టెయినున్ అంచు వదల్లేదు. అతనూ ఆమెకు చెయ్యందేంత దూరంలోనే నిలబడ్డాడు.

అప్పుడు మట్టిదారిలో పోలీసు జీపు కనబడింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. దిగినవాడు తమ ఊరి తోర్గెయిరే.

"సమయానికొచ్చావు నాయనా. పట్టుకో వీణ్ణి."

తోర్గెయిర్ చప్పుడు చెయ్యకుండా వచ్చి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నన్ను పట్టుకుంటావేంరా? దొంగ వాడైతే."

"మాకు ఫోన్ చేసింది ఆయనే పెద్దమ్మా. ఎవరో ముసలావిడ దూకడానికొచ్చినట్టుంది, మీరొచ్చేదాకా ఎలాగో మాటల్లో పెడతాను, త్వరగా రండి అన్నాడు."