బరోలోలో వక్క రుచి

"నమస్తే సార్. ఉద్యోగానికి వచ్చినా."

బల్ల వెనక కూర్చున్నాయన సురేంద్రను కాసేపు ఎగాదిగా చూశాడు. తరువాత "కూర్చో" అన్నాడు.

సురేంద్ర కుర్చీ అంచున కూర్చున్నాడు. పెనుకొండ దగ్గర బెంగళూరు హైవే మీద కొత్తగా తెరిచిన హోటల్ అది. కార్ల ఫ్యాక్టరీ పని మీద వచ్చే విదేశీయులు అక్కడే దిగుతారు. వాళ్లకు వైన్ గురించి నాలుగు మాటలు చెప్పి వడ్డించే మనిషి కావాలి. ఒక్కడే.

ఈ ఉద్యోగం వస్తే రొద్దం నుంచి రోజూ బస్సులో వచ్చిపోవచ్చు. రాకపోతే సోమవారం మళ్లీ బెంగళూరే. ఇంట్లో భార్య రాధకు ఎనిమిదో నెల. మొదటి బిడ్డ పురిట్లోనే పోయినప్పుడు అతను బెంగళూరులో ప్లేట్లు మోస్తున్నాడు. ఈసారి అలా జరగకూడదు.

ఆయనది టక్ చేసిన తెల్లచొక్కా. ముందు ఫైలు, చేతిలో పెన్ను.

"ముందు యాడ పనిచేసినావు?"

"బెంగళూరులో సార్. ఇటలీ తిండి హోటల్. నాలుగేండ్లు."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అట్లయితే బరోలో వైన్ గురించి చెప్పు. అది యాడిది?"

"ఇటలీలో వాయవ్యం మూల సార్. పీడ్‌మాంట్ సీమ. కొండ పాదం అని అర్థం. మన పెనుకొండ మాదిరే, కొండ కిందనే."

"ద్రాక్ష?"

"నెబ్బియోలో. ఆలస్యంగా పండుతాది. కోతల కాలానికి ఆ కొండలకు పొగమంచు పడతాది. ఆ మంచు పేరే ద్రాక్షకు వచ్చిందంటారు."

"ద్రాక్ష పేరు మళ్లీ చెప్పు. నిదానంగా."

తడబడతాడేమోనని పరీక్షిస్తున్నాడు కాబోలు. సురేంద్ర ఒక్కో అక్షరం ఒత్తి చెప్పాడు. ఆయన రాసుకున్నాడు. రాసుకుంటూనే లోపలి గది తలుపు వైపు చూశాడు.

"రుచి? తొందరగా చెప్పు."

తేలేది ఇక్కడే.

"చూస్తే పల్చన సార్. గ్లాసు వెనక పెట్టిన వేలు కనపడతాది. ఆ రంగు చూసి మోసపోకూడదు. వాసన ఎండిన గులాబీ, కొంచెం తారు. నోట్లో పోసుకుంటే నాలుకను పట్టేస్తాది. అందుకే మూడేండ్లకు పైగా మాగబెట్టి అమ్ముతారు."

"పట్టేస్తాదంటే ఎట్ల? గెస్టుకు అర్థం కావాల కదా."

సురేంద్ర నోట్లో నువ్వుగింజ నానదు. అడగనిది కూడా చెప్పేశాడు.

"మా అవ్వ సుంకమ్మ దినామూ వక్క నములుతాది సార్. చిన్నప్పుడు నేను ఏడుస్తాంటే ఒక తుంట నోట్లో పెట్టింది. నోరంతా పట్టేసింది. ఏడుపు మర్చిపోయినా. బరోలో మొదటిసారి తాగినప్పుడు అవ్వే గుర్తొచ్చింది."

ఆయన అప్పుడు నవ్వాడు. "బాగుండాది. అవ్వ పేరు ఏమన్నావు?"

"సుంకమ్మ సార్."

అదీ రాసుకున్నాడు. సురేంద్రకు కళ్లు చెమర్చాయి. అవ్వ పేరు అడిగి మరీ రాసుకునే పెద్దమనుషులు ఈ రోజుల్లో ఎందరుంటారు?

లోపలి గదిలోంచి రిసెప్షన్ అమ్మాయి వచ్చింది. "సార్, మేడం రమ్మంటున్నారు."

ఆయన ఫైలు మూశాడు. చొక్కా సవరించుకున్నాడు. "నువ్వు ఈడనే ఉండు" అని లోపలికి వెళ్లాడు.

సురేంద్ర ఫోన్ తీసి రాధకు మెసేజ్ పెట్టాడు. ఉద్యోగం వచ్చినట్లే అని.

తలుపు పూర్తిగా పడలేదు. లోపల మేడం బరోలో రుచి ఎలా ఉంటుందని అడిగింది.

తరువాత ఆయన గొంతు వినయంగా వినబడింది: "మా అవ్వ సుంకమ్మ దినామూ వక్క నములుతాది మేడం..."