ముప్పై గిన్నెల క్లాసు

ఫోన్ పెట్టేసి సత్యశ్రీ వంటింట్లోనే ఒక గంతు వేసింది. "ఏవండీ, స్కూలు వాళ్ళు రమ్మన్నారు! రేపు పదింటికి డెమో క్లాసు. బాగా చెబితే ఉద్యోగం నాదే!"

"ఏం చెప్పాలట?" అన్నాడు సూర్యప్రకాష్.

"పలకడం ఒక్కలాగే ఉండి, స్పెల్లింగూ అర్థమూ వేరయ్యే ఇంగ్లీషు మాటలు. సూర్యుడూ సన్నే, కొడుకూ సన్నే. మాంసమూ మీటే, కలుసుకోవడమూ మీటే." అంతలోనే ఆమె ముఖం వాడింది. "కానీ తెలిసినవాళ్ళెవరైనా చూస్తుంటే నాకు నోరు పెగలదండీ. మీరు గేటు దగ్గరే ఆగిపోవాలి."

"సరే, ముందు ఇంట్లో చెప్పి చూడు."

ఇంట్లో పిల్లలెక్కడ? పెళ్ళికి పుట్టింటి చుట్టాలు తలా ఒకటి పెట్టిన స్టీలు గిన్నెలూ చెంబులూ ముప్పై దాకా హాల్లో వరసగా కూర్చోబెట్టింది. ఒక్కో దానికి ఒక్కో ఇంగ్లీషు మాట రాసిన చీటీ అంటించింది. "సైలెన్స్!" అని గరిటెతో బెదిరించి గంటసేపు పాఠం చెప్పింది. ఒక్క గిన్నె కూడా అల్లరి చేయలేదు. ఆ ధైర్యంతో, రేపటి చీరకు మ్యాచింగ్ గాజులు కొనుక్కోవడానికి మొగుడి బండెక్కి బజారుకు వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి అత్తగారు రామాయమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"సత్యా, బేగి రా! గిన్నెల మీద పేర్లు కొట్టేవోడు ఈదిలోకొస్తే పిలిసీసినాను. ఏ గిన్నె ఎవులు పెట్టారో నువ్వు ఇంగిలీసు సీటీలంటించి ఉంచావు గదా, ఆడు అయ్యి సూసి అన్నీ సెక్కీసినాడు. మీ పుట్టింటోల పేర్లు సచ్చినా సెరగవింక!"

సత్యశ్రీ పూజకని దాచుకున్న చెంబు తీసి చూసింది. ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో, చుట్టూ పూలతీగతో సహా, 'మీట్' అని ఉంది, మాంసం మీట్!

సూర్యప్రకాష్ పొట్ట పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"నవ్వకండి! నా పెళ్ళి సామానండీ!" అని ఏడవబోయి తనూ ఫక్కున నవ్వేసింది.

"రేపు వీటినే క్లాసుకు పట్టుకుపోదాం," అన్నాడు సూర్యప్రకాష్. " ఈ చెంబును చూసినవాడు జన్మలో ఆ మాట మరిచిపోతాడా?"

సత్యశ్రీ కళ్ళు మెరిశాయి. "నిజమేనండీ! గిన్నె చేతిలో ఉంటే దంచేస్తాను. ఉద్యోగం వచ్చేసినట్టే!"

అప్పటికే రామాయమ్మ మాకవరపాలెంలోని వియ్యపురాలికి ఫోన్ చేసి అరుస్తోంది:

"ఒదినగారా, మీ సుట్టాలందరి పేర్లూ గిన్నెలకి ఎక్కించీసినాను! రేపు పదింటికి బడికాడ సూపిత్తారంట. ముప్పై మందీ ఆటోలు కట్టించుకుని తిన్నగా కలాసులోకే వచ్చీసి, ఎవులి పేరు ఆళ్ళు ఎతుక్కోండి!"