వెనక తలుపు

గొడుగాయన నాలుగో ఫారం కూడా పాడుచేశాడు.

టిక్కు పెట్టమని గళ్లిస్తే, వాటిని వదిలేసి అంచుల్లో రాశాడు. పైగా కింద సంతకం, సంతకం కింద తేదీ.

పరిశోధన చేస్తున్న అమ్మాయికి చిర్రెత్తుకొచ్చింది.

"తాతగారూ, బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు. ఉన్నవి మూడే గళ్లు. ఒకదాంట్లో టిక్కు పెట్టలేరా?"

"నేను చెప్పాల్సింది మూడింట్లోనూ లేదమ్మా."

"మీరసలు మందులు తీసుకున్నారా?"

"లేదు. నాకిక్కడ మందుల కార్డే లేదు."

"మరి ఫారం ఎందుకు తీసుకున్నారు?"

"నువ్విచ్చావు."

ఆ ఫారాన్ని 'చెల్లనివి' అని రాసి ఉన్న కవరులో కుక్కేసింది.

అది ముసలివాళ్లకు నెలనెలా ఉచితంగా మందులిచ్చే కేంద్రం. రెండేళ్ల కిందట అక్కడ వేలిముద్ర మిషను పెట్టారు. వేలు కలిస్తే మందుల సంచీ చేతికొస్తుంది, ముందు తలుపు గుండా బయటికి రావచ్చు. కలవకపోతే, లైను ఆగకుండా, కాంపౌండరు వెనక తలుపు గుండా పంపించేస్తాడు.

ఈ పద్ధతి బాగుందో లేదో తేల్చడమే ఆమె పరిశోధన. బాగుందని తేలితే అన్ని ఊళ్ల కేంద్రాల్లోనూ మిషన్లు పెట్టడానికి పైన ఒక కమిటీ కాచుక్కూర్చుంది. ఆ నివేదిక కోసం ప్రొఫెసరు రోజుకు రెండుసార్లు ఫోను చేసి ప్రాణం తీస్తున్నాడు.

"ఎన్నయ్యాయి?"

"మూడొందల పది సార్."

"నాలుగొందలు కావాలి. మందులు అందుకున్నవాళ్లనే అడుగుతున్నావు కదా?"

"వాళ్లనే సార్. ముందు తలుపు దగ్గరే నిలబడుతున్నాను."

ఫోను పెట్టేసి చూస్తే గొడుగాయన ఎదురుగా ఉన్నాడు.

"అమ్మా, ఒక్క పూట వెనక తలుపు దగ్గర నిలబడు."

"అక్కడ మందులు అందినవాళ్లు ఉండరు కదా."

"అందుకే నిలబడమంటున్నాను."

ఆమె వినిపించుకోలేదు. అప్పటికే కాళ్లు లాగుతున్నాయి. ఫారాలు నింపమంటే సగంమంది కళ్లజోడు మరిచిపోయామంటున్నారు. వీటికి తోడు ఈయన పాఠాలొకటి.

"ఎవరండీ ఆయన?" అని కాంపౌండరుని అడిగింది.

"పనిలేని మనిషి మేడమ్. పొద్దున్నే వచ్చి వెనక మెట్ల మీద కూర్చుంటాడు. వేలు కలవనివాళ్లకు అర్జీలు రాసిపెడతాడు. ఆ అర్జీలన్నీ తెచ్చి నా నెత్తిన పెడతాడు. పైకి పంపుతాను. పైనుంచి జవాబేమైనా వస్తే కదా."

నాలుగు వందలు పూర్తయిన రోజు గొడుగాయన మళ్లీ వచ్చాడు.

"నీ నివేదికలో వెనక తలుపు గురించి ఒక్క వాక్యమైనా పెట్టమ్మా. పుణ్యముంటుంది."

అన్నాళ్ల విసుగూ ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఒక పథకం ఎలా తయారవుతుందో, దాన్ని ఎలా లెక్కగడతారో మీకేం తెలుసని రోజూ నా వెంట పడతారు?"

ఆయన గొడుగు పిడి వంక చూశాడు.

"తెలియకే కదమ్మా ఇదంతా."

మెల్లగా వెనక మెట్ల వైపు వెళ్లిపోయాడు. ఆమె హమ్మయ్య అనుకుంది.

నూటికి తొంభై ఆరు మంది 'బాగుంది' అన్నట్టు తేలింది. నివేదిక వెళ్లింది. పది రోజులకు ప్రొఫెసరు ఉత్సాహంగా ఫోను చేశాడు.

"కమిటీ ఒప్పేసుకుంది. అన్ని ఊళ్లకీ మిషన్లు బయల్దేరాయి. ఒకాయన మాత్రం అడ్డుప్రశ్న వేశాడు. మందులు తీసుకునేవాళ్లు మూడోవంతు తగ్గారే, వాళ్లేమయ్యారని."

"మీరేమన్నారు సార్?"

"ఏమంటాను, దొంగ కార్డులు పోయాయన్నాను. అందరూ తలూపారు."

ఫోను పెట్టేయగానే ఆమెకు వెనక తలుపు గుర్తొచ్చింది. 'చెల్లనివి' కవరు విప్పింది. గొడుగాయన ఫారాలు మొత్తం పదకొండున్నాయి. మొదటిసారి చదివింది.

"ఈ రోజు వెనక తలుపు నుంచి పోయినవారు తొమ్మిదిమంది. ఒకావిడ నలభయ్యేళ్లు ఇళ్లల్లో అంట్లు తోమింది. ఒకాయన ఇటుకలు మోశాడు. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రెండుసార్లు తిప్పిపంపితే మూడోసారి రావడం మానేస్తున్నారు. వీళ్లు దొంగలు కారు."

కింద సంతకం, తేదీ. పదకొండు ఫారాల్లోనూ అంతే.

మర్నాడు పొద్దున్నే కేంద్రానికి పరుగెత్తింది. వెనక మెట్లు ఖాళీగా ఉన్నాయి.

"మూడు రోజులైంది మేడమ్, రావడం లేదు," అన్నాడు కాంపౌండరు. "మీ నివేదికలో వెనక తలుపు ఉందా అని అడిగాడు. ఇక్కడికొచ్చిన నకలు చూసి లేదన్నాను. అన్ని ఊళ్లకీ మిషన్లు వెళ్తున్నాయని పైనుంచి కాగితమొచ్చిందని కూడా చెప్పాను. ఇంక ఎన్ని తలుపుల దగ్గర కూర్చోగలను బాబూ అని, గొడుగు కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు."

"ఇల్లెక్కడో తెలుసా? పేరైనా?"

"ఎప్పుడూ అడగలేదు మేడమ్."

గొడుగు తీసుకుని గదికొచ్చింది. తనమీద తనకే ఒళ్లు మండిపోతోంది. వెనక తలుపు గురించి కమిటీకి ఇప్పుడైనా రాద్దామని, అసలు నిబంధన ఎలా ఉందో చూడడానికి మిషను పెట్టమన్న పాత ఉత్తర్వు బయటికి తీసింది. దాని నకలు పరిశోధన మొదలైనప్పట్నుంచీ ఆమె దగ్గరే ఉంది. మొదటి పేజీలో నాలుగు వాక్యాలు నివేదికలోకి ఎత్తి రాసుకుందే తప్ప చివరి పేజీ ఎప్పుడూ తిప్పలేదు.

తిప్పింది.

"వేలిముద్ర కలవనివారికి మందులు ఇవ్వరాదు" అన్న వాక్యం కింద, ఆ పదకొండు ఫారాల మీదున్న సంతకమే ఉంది.